డిశ్చార్జి తర్వాత రోగిని ఎవరు చూసుకోవాలి: సమన్వయ యాప్‌ను ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: వార్డు సమన్వయకర్త, విశాఖపట్నం
పక్షవాతానికి చికిత్స పొంది ఇంటికి వెళ్లే రోగుల వివరాలను వారి ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేరవేసే యాప్‌ను మా ఆసుపత్రిలో ప్రయోగాత్మకంగా ప్రారంభించబోతున్నాం. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు మన్యంతో పాటు ఒడిశా నుంచి కూడా రోగులు వస్తారు కనుక, అన్ని ప్రాంతాలనూ ఒకేసారి కలుపుకోవాలా, ఒక్క జిల్లాతో మొదలుపెట్టాలా? ఫలితాన్ని దేనితో కొలవాలి?

జవాబు: విశ్రాంత వైద్యాధికారి
ఒక వార్డు, ఒక జిల్లా చాలు. ఒడిశాలో ఆరోగ్య యంత్రాంగం వేరు కనుక, అక్కడి రోగుల యోగక్షేమాలను ప్రస్తుతానికి ఫోన్‌లోనే కనుక్కోండి. సమాచారం పంపగానే పని పూర్తయినట్లు మాత్రం లెక్కించకండి. అవతల ఏఎన్ఎం (గ్రామ ఆరోగ్య నర్సు) గానీ సీహెచ్ఓ (ఉపకేంద్రంలోని సామాజిక ఆరోగ్య అధికారి) గానీ ఈ రోగిని తాను చూసుకుంటానని నమోదు చేసేవరకు ఆ పేరు మీ జాబితాలోనే ఉండాలి. ఒక రోజులో జవాబు రాకపోతే మీరే ఫోన్ చేయాలి. మొదటి వారంలో ఎందరి ఇంటికి వెళ్లి బీపీ చూశారో, నెలలోపు ఎందరు మళ్లీ ఆసుపత్రిలో చేరారో లెక్కపెట్టండి. యాప్‌కు ముందరి నెలల లెక్కలు ఇప్పుడే తీసి పెట్టుకోకపోతే పోల్చుకోవడానికి ఏమీ ఉండదు.

జవాబు: సీహెచ్ఓ, పాడేరు ప్రాంతం
2022లో జిల్లాల విభజనతో మా ప్రాంతం అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చినా, మావాళ్లు కొందరు చిరునామాలో ఇప్పటికీ విశాఖ జిల్లా అనే రాయిస్తారు. అందువల్ల గ్రామం, మండలం తప్పనిసరిగా అడగండి. డిశ్చార్జి సమ్మరీ ఇంగ్లీషులో ఉంటుంది. ఆశా కార్యకర్తకు కావలసింది సిగ్నల్ లేనిచోట కూడా తెరుచుకునే ఒక్క తెలుగు పేజీ. ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఎలా ఇవ్వాలో, యూరిన్ గొట్టం ఎప్పుడు మార్చాలో, పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి రోగిని పక్కకు తిప్పాలని అందులో ఉండాలి. పక్షవాతం రక్తం గడ్డకట్టి వచ్చిందా, రక్తస్రావం వల్ల వచ్చిందా అన్నది పెద్ద అక్షరాల్లో రాయండి, ఎందుకంటే మొదటి రకంలో ఆస్పిరిన్ వంటి మందును సొంతంగా ఆపడం ఎంత ప్రమాదమో, రెండో రకంలో తెలియక ఇవ్వడం అంత ప్రమాదం.

జవాబు: ఆరోగ్య సమాచార నిపుణుడు
2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాన్ని దృష్టిలో పెట్టుకుని అనుమతి పత్రం తెలుగులో తయారుచేయండి. మాట పడిపోయిన రోగి తరఫున ఎవరు అంగీకరించారో అందులో నమోదు కావాలి. 14 అంకెల ఆభా (డిజిటల్ ఆరోగ్య ఖాతా) సంఖ్య లేదని ఎవరినీ పక్కన పెట్టకండి.

ప్రశ్న అడిగినవారు
అల్లూరి జిల్లాతోనే మొదలుపెడతాం. ఫిజియోథెరపిస్టు అందుబాటులో లేని మండలాల్లో వ్యాయామాల బాధ్యతను యాప్‌లో ఎవరి పేరిట చూపించాలో సీహెచ్ఓ గారు చెప్పగలరా?