అప్‌డేట్: ఎండలో రీస్టార్ట్ చేస్తే ఇంజన్ తడబడటం, కారణం దొరికింది

కడప ఎండలో ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే నా చిన్న విమానం ఇంజన్ రోటాక్స్ 912 యూఎల్ఎస్‌లో ఫ్యూయల్ ప్రెషర్ 0.15 బార్ కిందికి పడిపోతోందని అడిగాను కదా. వేపర్ లాకే, అంటే వేడికి పెట్రోల్ లైన్‌లోనే ఆవిరై అడ్డుపడటం. రిటర్న్ లైన్ చూడమన్నవాళ్లకు థాంక్స్. ఇంజినీర్ విప్పితే, ఆవిరిని ట్యాంకుకు పంపే ఆ లైన్‌లోని సన్న జెట్ రబ్బరు పొట్టుతో మూసుకుపోయి ఉంది. పాత హోసు లోపలి పొర ఇథనాల్‌కు ఉబ్బి రాలింది.

బంకు పెట్రోల్ 90 మి.లీ.లో నీళ్లు 10 మి.లీ. పోసి, బాగా కుదిపి నిలబెడితే నీటి గీత 28 మి.లీ. దాకా ఎక్కింది. పెట్రోల్‌లోని ఇథనాల్ 18 మి.లీ. నీళ్లలోకి దిగిందన్నమాట, అంటే దాదాపు 20 శాతం! ఈ ఇంజన్‌కు 10 శాతమే హద్దు.

హోసులు మార్చి, వాటికి వేడి తగలకుండా ఫైర్ స్లీవ్ తొడిగి, ఏవ్‌గ్యాస్ (సీసం కలిపిన విమానాల పెట్రోల్) పోశాక ప్రెషర్ 0.3 బార్ దగ్గర నిలబడింది. సీసం వల్ల ఆయిల్ ఇక 25 గంటలకోసారి మార్చాలి, ఆ ఖర్చు వేరే. ప్లగ్గులు, పంపు మార్చడం దండగ. కార్బ్యురేటర్‌లోని ఫ్లోట్ల జత హద్దయిన 7 గ్రాముల లోపే తూగింది, వాటి తప్పేం లేదు.