మైటోకాండ్రియా ఒకప్పటి బాక్టీరియా అయితే యాంటీబయాటిక్స్‌కి ఎందుకు చావవు?

బైపీసీ_బెంచ్:
ఇంటర్ ఫస్టియర్. కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియా, మొక్కల్లో ఎండతో ఆహారం తయారుచేసే హరితరేణువులు ఒకప్పుడు విడిగా బతికిన బాక్టీరియాలనీ, పెద్ద కణంలో దూరి అక్కడే ఉండిపోయాయనీ చెప్పారు. రెండు పొరలు, సొంత డీఎన్ఏ, ప్రోటీన్లు తయారుచేసే సొంత రైబోజోములు ఉండటమే రుజువట. సరే, మరి యాంటీబయాటిక్ వేసుకుంటే మన మైటోకాండ్రియా కూడా పోవాలి కదా? అడిగితే "నీట్‌లో రాదు, వదిలెయ్" అన్నారు. కణంలోని మిగతా భాగాలు, అంటే గాల్జీ, లైసోజోములు, కేంద్రకం కూడా ఇలా బయటి నుంచి వచ్చినవేనా?

ల్యాబ్‌కోటు:
మంచి డౌటు తమ్ముడూ, వదిలెయ్యకు. మందు ఎక్కడ దెబ్బ కొడుతుందన్నదాన్ని బట్టి ఉంటుంది. పెన్సిలిన్, అమాక్సిసిలిన్ లాంటివి బాక్టీరియా కణకవచం కట్టుకోకుండా ఆపుతాయి, మైటోకాండ్రియాకి అసలు కవచమే లేదు, కాబట్టి వాటి జోలికి పోవు. రైబోజోముల మీద పనిచేసే మందుల సంగతి వేరు, అవి నిజంగానే తగులుతాయి. మొండి టీబీకి లినెజోలిడ్ నెలల తరబడి వాడేవాళ్ళలో రక్తకణాలు తగ్గడం, కాళ్ళు తిమ్మిరెక్కడం, రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరగడం చూస్తాం, కారణం మైటోకాండ్రియాలో ప్రోటీన్ల తయారీ ఆగిపోవడమే. జెంటామైసిన్ అయితే ఇంకా విచిత్రం: మైటోకాండ్రియా డీఎన్ఏలో 1555వ స్థానంలో ఏ అనే అక్షరం బదులు జీ ఉన్నవాళ్ళకి మామూలు డోసుకే వినికిడి పోవచ్చు, ఆ మార్పు తల్లి నుంచే వస్తుంది. మిగతావాళ్ళు ఎందుకు బాగానే ఉంటారంటే, కోట్ల ఏళ్ళలో మన మైటోకాండ్రియా రైబోజోములు చాలా మారిపోయాయి, పైగా మందు వాడేది కొద్దిరోజులే. ఇది చదివి ఎవరూ కోర్సు మధ్యలో ఆపెయ్యకండి దయచేసి.

కణం_గిణం:
రెండు పొరలే రుజువంటే నేను ఒప్పుకోను. కేంద్రకానికీ రెండు పొరలున్నాయి, అంతమాత్రాన అది బాక్టీరియా అయిపోదు. హరితరేణువులు ఒకప్పటి బాక్టీరియాలేనని 1905లోనే రష్యన్ శాస్త్రవేత్త మెరెష్కోవ్‌స్కీ అన్నాడు, 1967లో అమెరికన్ శాస్త్రవేత్త లిన్ మార్గులిస్ మళ్ళీ గట్టిగా రాసింది, చాలామంది నవ్వారు. 1970ల్లో రైబోజోమ్ ఆర్ఎన్ఏ వరసలు పోల్చడం మొదలయ్యాకే నోళ్ళు మూతపడ్డాయి: హరితరేణువుల వరసలు ఎండతో ఆహారం తయారుచేసుకునే సయనోబాక్టీరియాతో, మైటోకాండ్రియావి ఆల్ఫా ప్రోటియోబాక్టీరియా అనే ఇంకో బాక్టీరియా గుంపుతో సరిపోలాయి. అసలు రుజువు అదీ.

ఇంకోటి, వాటిని ఇప్పుడు బాక్టీరియా అనలేం. మన మైటోకాండ్రియా డీఎన్ఏ 16,569 అక్షరాలే, 37 జన్యువులు, ప్రోటీన్లిచ్చేవి 13. మిగతా జన్యువుల్లో కొన్ని కేంద్రకానికి తరలిపోయాయి, చాలా వరకు మాయమయ్యాయి. వెయ్యికి పైగా ప్రోటీన్లు బయట తయారై లోపలికి వస్తాయి. ఆస్తి రాసిచ్చేసి ఆ ఇంట్లోనే ఉంటున్న మనిషిలాంటిది, ఇక బయటికెళ్ళి బతకలేదు.

గాల్జీ, లైసోజోముల్లో డీఎన్ఏ లేదు, అవి కణం సొంత పొరల నుంచే వచ్చాయని లెక్క. కేంద్రకం ఎలా పుట్టిందో ఇంకా తేలలేదు, నలుగురు నాలుగు రకాలుగా అంటారు.

దోమతెర:
మలేరియా సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఆ పరాన్నజీవిలో ఎపికోప్లాస్ట్ అని ఒకటుంది, దాని చుట్టూ నాలుగు పొరలు. సయనోబాక్టీరియాని మింగిన శైవలాన్ని (నాచు కణాన్ని) ఇంకో కణం మింగింది మరి. ఎండతో పని లేదు గానీ, పరాన్నజీవి బతకడానికి కావలసిన ఐసోప్రినాయిడ్లు అనే రసాయనాలు తయారయ్యేది అక్కడే. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కొట్టేది ఆ ఎపికోప్లాస్ట్ రైబోజోములనే, అయితే పరాన్నజీవి వెంటనే చావదు, దాని తర్వాతి తరం చస్తుంది, అందుకే మలేరియా వచ్చాక ఆ మందు ఒక్కటే ఇవ్వరు. డాక్సీసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ బయటికొచ్చిన అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో పరిశోధనలు నడిపింది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారే. మైటోకాండ్రియా తయారుచేసే ఏటీపీని, అంటే కణం వాడుకునే ఇంధనాన్ని, 1929లో కనిపెట్టినవాళ్ళలోనూ ఆయన ఉన్నారు.

బైపీసీ_బెంచ్:
థాంక్స్ అండీ అందరికీ. అయితే ఎర్ర రక్తకణాల్లో మైటోకాండ్రియా ఉండవు కదా, మరి లినెజోలిడ్‌తో రక్తం ఎందుకు తగ్గుతుంది?

ల్యాబ్‌కోటు:
ముదిరిన కణాల్లో ఉండవు. మూలుగలో తయారయ్యేటప్పుడు ఉంటాయి, దెబ్బ తగిలేది అక్కడే.