స్కాన్‌కు ముందు రోగికి ఎంత చెప్పాలి?

పుత్తూరు కొడుకు:
పోయిన నెల మా నాయనకు తిరుపతిలో కడుపు సీటీ స్కాన్ తీయించాం. నేను బిల్లు క్యూలో ఉండగా ఆయన చేతికి ఫారం ఇచ్చారు, అంతా ఇంగ్లీషు. ఇందులో ఏముందని అడిగితే "మామూలేలే పెద్దాయనా, సంతకం పెట్టు" అన్నారంట. లోపల కాంట్రాస్ట్ ఇంజెక్షన్ (స్కాన్‌లో లోపలి భాగాలు స్పష్టంగా కనపడడానికి వేసే మందు) ఎక్కగానే ఒళ్ళంతా వేడెక్కి, పంచెలోనే ఒంటికి పోసుకున్నట్టు అనిపించి, ప్రాణం పోతోందనుకుని లేవబోయాడు. మళ్ళీ మొదటినుంచి తీయాల్సి వచ్చింది. ఆ సంతకాన్ని ఒప్పుకోలు అంటారా?

చిత్తూరు టెక్నీషియన్:
అక్కడ తప్పు జరిగింది, కాదనను. కానీ అన్నీ చెప్పాలంటే మాత్రం నేను ఒప్పుకోను. రియాక్షన్ వస్తే ప్రాణం మీదికి రావచ్చని చదివి వినిపిస్తే కొందరు టెన్షన్‌తో ఇంటికి వెళ్ళిపోతారు, జబ్బు అలాగే ముదిరిపోతుంది. 2008లో, రోగి ఒప్పుకోలు మీద నడిచిన సమీరా కోహ్లి కేసులో సుప్రీంకోర్టే చెప్పింది, ఎక్కడో అరుదుగా జరిగేవన్నీ చెప్పి రోగిని బెదరగొట్టక్కర్లేదని.

పుత్తూరు కొడుకు:
అన్నా, అదే తీర్పులో ఏం చేస్తారో, ఎందుకో, వేరే దారి ఉందో లేదో, చెప్పుకోదగ్గ ప్రమాదమేంటో చెప్పాలని కూడా ఉంది. ఒళ్ళు వేడెక్కడం అరుదా? ఆ ఇంజెక్షన్ వేసుకున్న చాలామందికి జరిగేదే, నోట్లో ఇనుము రుచి కూడా వస్తుంది, కాసేపట్లో పోతుంది. ఈ ముక్క ముందే చెప్పుంటే ఆయన కదిలేవాడు కాదు. ఇంకో సంగతి, ఇంటికొచ్చాక ఆ ఫారం కాపీ చదివితే నాకు వణుకొచ్చింది. ముందెప్పుడైనా ఈ ఇంజెక్షన్ పడలేదా, ఉబ్బసం ఉందా, కిడ్నీ జబ్బు ఉందా, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారా అని అడిగి, అన్నిటికీ లేదు అని టిక్కు పెట్టేశారు! మా నాయన ఎన్నో ఏళ్ళుగా షుగరుకు మెట్‌ఫార్మినే మింగుతున్నాడు, కిడ్నీ సరిగ్గా లేకపోతే అది కొన్నాళ్ళు ఆపాలంటారు, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ రిపోర్టు మా సంచిలోనే ఉంది, చూపించమని అడిగినవాళ్ళు లేరు. ఆయన్ను భయపెట్టకుండా కాపాడారా, అసలు ఆయన్నే వదిలేశారా?

నగరి అక్క:
నాకు ఎంఆర్ఐ తీసినప్పుడు నర్సమ్మ తమిళంలో చెప్పింది, సుత్తితో కొట్టినట్టు చప్పుడొస్తుంది, ఊపిరాడనట్టుంటే ఈ బల్బు నొక్కు అని. ఒక్కసారి కూడా నొక్కలేదు.

చిత్తూరు టెక్నీషియన్:
టిక్కుల సంగతి ఘోరం తమ్ముడూ, దానికి నా దగ్గర జవాబు లేదు. రిపోర్టు చూడకుండా ఇంజెక్షన్ వేయకూడదు. చెప్పేదేదో వరండాలో కూర్చున్నప్పుడే చెప్పాలి, బల్ల మీద పడుకోబెట్టి సూది గుచ్చాక చెబితే వద్దనే ధైర్యం ఎవరికుంటుంది? అరుదైనవాటి విషయంలో మాత్రం, రోగి అడిగితేనే చెప్పాలన్న మాట మీద నేనింకా ఉన్నా.

పుత్తూరు కొడుకు:
మా నాయన అడిగాడు కదన్నా.