రెండూ చేపలే తింటాయి, మరి పాదరసం ఒకదాంట్లోనే ఎందుకు ఎక్కువ?

ప్రశ్న: నమస్కారమండి. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం సముద్రపక్షుల ఈకల్లో పాదరసం చూస్తున్నాను. ఒకే దీవిలో గూళ్లు పెట్టే రెండు జాతుల్లో ఒకదానికి చాలా ఎక్కువ వస్తోంది. రెండూ చేపలే తింటాయి. ఆహార గొలుసులో ఏ మెట్టు మీద ఉన్నాయో చెప్పే నైట్రోజన్ ఐసోటోపు విలువలు కూడా దాదాపు ఒకటే. లెక్క ఎక్కడ తప్పుతోందో అర్థంకాక టెన్షన్‌గా ఉంది.

జవాబు: లెక్క తప్పిందని అప్పుడే అనుకోకండి. ఆ చేపలు ఏ లోతువో చూశారా? పక్షి ఒంట్లో చేరేది ప్రధానంగా మిథైల్ మెర్క్యురీ, అంటే పాదరసానికి ఒక సేంద్రియ రూపం. దాన్ని తయారుచేసేది సూక్ష్మజీవులు. సముద్రంలో 200 నుంచి 1000 మీటర్ల మధ్య, ఆక్సిజన్ తగ్గే పొరల్లో ఆ పని జోరుగా సాగుతుంది. లాంతరు చేపల్లాంటివి పగలంతా అక్కడే ఉండి, చీకటి పడ్డాక పైకొస్తాయి. రాత్రిపూట వేటాడే పెట్రెల్ పక్షులకు అవే దొరుకుతాయి. అట్లాంటిక్‌లోని అజోర్స్ దీవుల్లో 1990లలో చేసిన పరిశోధనల్లో తేలిందీ ఇదే: లోతు చేపలు తినే బుల్వర్స్ పెట్రెల్‌లో పాదరసం ఎక్కువ, పైనీటి చేపలు తినే జాతుల్లో తక్కువ.

ఆహార గొలుసులో ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ పాదరసం పెరిగే మాట నిజమే. క్రిల్ అనే రొయ్యల్లాంటి చిన్న జీవుల్ని తినే పక్షుల్లో సాధారణంగా తక్కువగా, స్క్విడ్, పెద్ద చేపలు తినే ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపక్షుల్లో బాగా ఎక్కువగా ఉంటుంది. కానీ నైట్రోజన్ విలువ మెట్టునే చెబుతుంది, లోతును చెప్పదు. కార్బన్ ఐసోటోపు విలువలు కూడా చూడండి, మేత ఎక్కడిదో అవి కొంత సూచిస్తాయి. అన్నిటికంటే నమ్మకమైంది, పిల్లలకు మేత పెట్టేటప్పుడు పక్షులు కక్కిన చేపల్ని స్వయంగా గుర్తుపట్టడం.

ప్రశ్న: చాలా థాంక్సండి. ఐసోటోపులు రక్తంలో చూశాను, పాదరసం మాత్రం ఎదిగిన పక్షుల ఈకల్లో. ఫర్వాలేదా?

జవాబు: అది మాత్రం ఇబ్బందేనండి. రక్తం గత కొన్ని వారాల తిండిని చూపిస్తుంది. ఈక సంగతి వేరు. అది మొలిచేటప్పుడు రక్తంలో తిరుగుతున్న పాదరసం, ఈకలోని కెరటిన్ అనే ప్రొటీన్‌లో ఉండే గంధకాన్ని పట్టుకుని ఉండిపోతుంది. ఈక ముదిరాక రక్తం అందదు కాబట్టి కొత్తగా చేరేదేమీ ఉండదు. పైగా రెండు ఈకలూడ్పుల మధ్య ఒంట్లో పేరుకున్నది కూడా అందులోకే వస్తుంది. చాలా జాతులు గూళ్ల కాలం అయ్యాక, వేల కిలోమీటర్ల దూరంలో ఈకలు మార్చుకుంటాయి. అంటే మీరు ఒక సముద్రపు తిండిని ఇంకో సముద్రపు పాదరసంతో పోలుస్తూ ఉండవచ్చు.

వీలైతే పిల్లల ఒంటి ఈకలు తీసుకోండి, అవి తల్లిదండ్రులు గూటికి తెచ్చిన తిండినే చూపిస్తాయి. కానీ నూగు వద్దు, అందులో ఉండేది గుడ్డు ద్వారా తల్లి నుంచి వచ్చిన పాదరసం. ఒక్కో పక్షి నుంచి కొన్ని ఈకలు కలిపి, పాదరసం, ఐసోటోపులు రెండూ ఆ ఈకల్లోనే కొలవండి. మ్యూజియం నమూనాలు వాడితే మిథైల్ మెర్క్యురీ విడిగా కొలవాలి, ఎందుకంటే పాత రోజుల్లో చర్మాలు పాడవకుండా మిథైల్ రూపం కాని పాదరసపు లవణాలు పూసేవారు.