బాడీ ‘స్టైల్’కి తెలుగేమిటి?

పాత అమెరికన్ కార్ల గురించి తెలుగులో రాస్తూ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. 1967 షెవర్లే కమారో బానెట్ ఎత్తితే లోపలి గోడకి చిన్న రేకు రివెట్లతో బిగించి ఉంటుంది. దాని మీద ‘ఎస్‌టీ 67-12467’ లాంటి నంబరు. ఎస్‌టీ అంటే స్టైల్. మొదటి 67 మోడల్ సంవత్సరం, 1 షెవర్లే, 24 కమారో. చివరి 67 మాత్రం సంవత్సరం కాదు, టాపు మడిచే కన్వర్టిబుల్ అని. అదే 37 ఉంటే గట్టి టాపు, రెండు తలుపుల కూపే. ఈ స్టైల్‌ని ‘శైలి’ అంటే కథా సమీక్షలా ఉంది. స్టైల్ అనే వదిలేస్తే హీరో కాలర్ ఎగరేసినట్టుంది. ఏమందాం?

జవాబు: ‘కట్టు’ అనండి. విజయవాడ ఆటోనగర్‌లో లారీకి బాడీ ‘కట్టిస్తారు’ కదా. పంచెకట్టు, చీరకట్టు అన్నప్పుడు తీరు అనే అర్థమూ ఉంది.

జవాబు: కట్టు బాగుంది. కూపేని కూపే అనే ఉంచండి, రైలు ఫస్ట్ క్లాసు పుణ్యమా అని మనకి తెలిసిన మాటే. ఫ్రెంచిలో ‘కోసినది’ అని అర్థం. కానీ 37కీ 27కీ తేడా ఎలా చెబుతారు? 1968 షెవర్లే నోవా నంబరు 11427, చివర 27. అదీ రెండు తలుపులదే, అదీ గట్టి టాపే. కాకపోతే పక్క అద్దాల మధ్య నిలువు కమ్మీ ఉంటుంది. కమారోలో అద్దాలు దించితే మధ్యలో ఏ అడ్డూ ఉండదు. నన్నడిగితే 37ని ‘నిట్టాడి లేని కట్టు’ అంటాను. పూరింటి నడిమి స్తంభం మాట కారుకి అతికింది!

జవాబు: ఫోర్డు దగ్గర మీ కట్టు తెగుతుందండీ. వాళ్ళ మస్టాంగ్ కారు తలుపు మీది రేకులో 65ఏ అంటే హార్డ్‌టాప్ (గట్టి టాపు), 63ఏ ఫాస్ట్‌బ్యాక్ (టాపు వెనక్కి వాలుగా దిగేది), 76ఏ కన్వర్టిబుల్. 65ని సంవత్సరం అనుకునేరు, 1966 బండి మీదా 65ఏనే. అసలు చిక్కు 65బీతో. బయట అంతా 65ఏనే, లోపలి సీట్లూ హంగులూ ఖరీదైనవి. సీటు మారితే కట్టు మారినట్టా?

పంచె అదే, అంచు జరీ. కట్టు 65, అంచు బీ. ఇలాగే రాసేస్తున్నాను.