“చారిత్రాత్మక నల్లజాతి కళాశాలలు” – ఈ మాట సరైనదేనా?

ప్రశ్న: అమెరికాలో హిస్టారికల్లీ బ్లాక్ కాలేజీలు అంటారు కదా, వాటిని ఒకచోట “చారిత్రాత్మక నల్లజాతి కళాశాలలు” అని రాశారు. ఒప్పుకోవచ్చా? ఇప్పుడు ఏ కాలేజీలోనైనా ఎవరైనా చేరొచ్చు, ఆ పేరు ఇంకా దేనికో కూడా అర్థం కాలేదు.

జవాబు: ముందు వ్యాకరణం. చారిత్రక, చరిత్రాత్మక అనే రెండూ ఉన్నాయి. “చారిత్రాత్మక” ఆ రెండింటినీ కలిపి పత్రికలు వండిన మాట. పోనీ దిద్ది “చరిత్రాత్మక” అన్నా, చరిత్రలో నిలిచిపోయిన గొప్ప కాలేజీలు అనే అర్థం వస్తుంది. అసలు సంగతి అది కాదు. 1965 నాటి ఉన్నత విద్యా చట్టం ప్రకారం 1964కి ముందు స్థాపించినవై, నల్లజాతివారికి చదువు చెప్పడం అప్పుడూ ఇప్పుడూ ప్రధాన ధ్యేయంగా ఉన్నవే ఈ కోవలోకి వస్తాయి. ఇవాళ కొత్తగా కాలేజీ పెట్టి ఆ పేరు తగిలించుకోవడం కుదరదు. విద్యార్థుల రంగుతోనూ పని లేదు. వెస్ట్ వర్జీనియాలోని బ్లూఫీల్డ్ స్టేట్‌లో ఎక్కువమంది తెల్లవాళ్లే, అయినా అది ఈ జాబితాలోనే ఉంది.

ఇంకొకరు: అయితే “పూర్వపు నల్లజాతి కళాశాలలు” అందామా?

జవాబు: వద్దండీ. పూర్వపు అంటే ఇప్పుడు కావనేగా! “ఇప్పుడూ” అనే మాట ఆ చట్టంలోనే ఉంది.

ఇక, ఆ పేరు ఇంకా దేనికి అన్నారు కాబట్టి ఒక్క ఉదాహరణ. పేరుమోసిన నల్లజాతి లాయరు థర్‌గుడ్ మార్షల్‌ది మేరీలాండ్ రాష్ట్రంలోని బాల్టిమోర్. సొంత ఊళ్లోనే మేరీలాండ్ విశ్వవిద్యాలయం లా కాలేజీ ఉన్నా, నల్లవారికి ప్రవేశం లేదు. రోజూ రైలెక్కి వాషింగ్టన్‌లో ఈ కోవకే చెందిన హోవర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్లి లా చదివి, 1933లో పట్టా తీసుకున్నాడు. మూడేళ్లు తిరక్కుండానే, తన గురువు చార్లెస్ హ్యూస్టన్‌తో కలిసి వాదించి, అదే మేరీలాండ్ లా కాలేజీలో ఒక నల్లజాతి విద్యార్థికి సీటు ఇప్పించాడు. బడుల్లో నల్లవారిని, తెల్లవారిని వేరుగా ఉంచడం చెల్లదన్న 1954 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వెనకా ఆయనే ఉన్నాడు. అంటే వేరుగా ఉంచితే పుట్టిన కాలేజీయే ఆ వేర్పాటును కూలగొట్టే లాయర్లను తయారుచేసింది. ఆ పని అయిపోయిందిగా, మూసేయొచ్చుగా అనేవాళ్లు న్యూ ఆర్లీన్స్‌లో ఈ కోవకే చెందిన జేవియర్ విశ్వవిద్యాలయాన్ని చూడాలి. 1925లో మొదలైన చిన్న కాలేజీ. అక్కడ చదివి డాక్టర్లయిన నల్లజాతి విద్యార్థుల సంఖ్యలో పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాలు కూడా దాని వెనకే.

డబ్బు దగ్గర మాత్రం పాత కథే. 16 రాష్ట్రాల్లో ఈ కోవకు చెందిన ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు మూడు దశాబ్దాల్లో 1,200 కోట్ల డాలర్లకు పైగా తక్కువ నిధులు అందాయని 2023లో అమెరికా ప్రభుత్వమే ఆయా గవర్నర్లకు లేఖలు రాసింది.

ప్రశ్న అడిగినవారు: మరి ఏం రాయమంటారు?

జవాబు: నేనైతే మొదటిసారి “నల్లజాతివారి కోసం వెలసిన కళాశాలలు” అని రాసి, 1964 గడువు సంగతి ఒక వాక్యంలో చెప్పేస్తాను. ఆ తర్వాత హాయిగా బ్లాక్ కాలేజీలు అనేస్తా. హెడ్డింగులో పట్టాలి కదా!