కరువుకు ఆగే ఆలుగడ్డ ఏదన్నది సీసాలో తేలుతుందా?

ఎర్రనేల, జహీరాబాద్:
టిష్యూ కల్చర్ సీసాల్లోనే పరీక్ష పెట్టి, ఏ ఆలు రకం తక్కువ నీళ్లకు ఆగుతుందో చెప్పేస్తున్నారట. పోయినేడు గడ్డ ఊరే టైంలో మా బోరు పది రోజులు ఆగింది. చెట్టు పచ్చగానే ఉంది, తవ్వితే గోలీలంత గడ్డలు! సీసాలో ఏం చూసి చెప్తున్నారు?

కణుపు:
అన్నా, నేను ఆ పని ఆరేళ్లు చేశాను. కణుపు ముక్కను ఎంఎస్ మీడియంలో (మొక్కకు కావాల్సిన పోషకాలు కలిపిన జెల్లీ) నాటి, సార్బిటాల్ అనే చక్కెర లాంటి పదార్థం గానీ పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే రసాయనం) గానీ ఇస్తాం. నీళ్లు ఎదురుగా ఉన్నా వేరు లాక్కోలేదు, అదే మా కరువు. సార్బిటాల్ మెల్లగా కణాల్లోకి దూరిపోతుంది. పెగ్ దూరదు గానీ, జెల్లీని గట్టిపరిచే అగార్‌ను సరిగ్గా గట్టిపడనివ్వదు. అందుకే అగార్ గట్టిపడ్డాక పెగ్ ద్రావణాన్ని పైన పోసి నానబెడతాం. నెలకు వేళ్ల పొడవు, మొక్క బరువు చూస్తాం.

అసలు లోపం గాలిలో ఉంది. సీసాలో తేమ దాదాపు 100 శాతం. అక్కడ పెరిగిన ఆకుకు మైనం పూత పలచన, ఆకు రంధ్రాలు సరిగ్గా మూసుకోవు. మొక్కను బయటికి తీసి ఫ్యాన్ కింద పెట్టండి, టీ తాగి వచ్చేలోపు వాలిపోతుంది. నీళ్లు తగ్గగానే పొలంలో చెట్టు ముందు మూసేది ఆ రంధ్రాలనే. అది సీసాలో చూడలేం. గడ్డ తూకం సంగతి సరేసరి.

ఉర్లగడ్డ, పలమనేరు:
మరి ఆ ఖర్చెందుకు సార్? నేరుగా పొలంలో వేయండి.

కణుపు:
విత్తనం ఎక్కడిదండీ? ఎకరాకే 8–10 క్వింటాళ్లు కావాలి. 200 రకాలకు చిన్న మళ్లు వేసినా విత్తనం పెంచడానికే ఏళ్లు పడుతుంది. మధ్యలో ఒక్క వాన పడితే ఆ ఏడు పోయినట్టే. సీసాల్లో అయితే 200 రకాలూ ఒక గదిలో సరిపోతాయి. లిమాలోని అంతర్జాతీయ ఆలుగడ్డ కేంద్రం వేల రకాలను ఎలాగూ సీసాల్లోనే కాపాడుతోంది. పెగ్‌లో అసలు వేళ్లే వేయనివాటిని నేను అక్కడే పక్కన పెడతాను. మిగతావి పొలానికి పోవాల్సిందే. సీసాలో ఫస్ట్ వచ్చిందని రైతుకు అంటగట్టడాన్ని మాత్రం నేను ఒప్పుకోను.

ఎర్రనేల, జహీరాబాద్:
ఇది నాకు నచ్చింది. తక్కువ నీళ్లకని సిమ్లాలోని కేంద్ర ఆలుగడ్డ పరిశోధన సంస్థ వాళ్లు ఇచ్చిన కుఫ్రి థార్-1 రకం విత్తనం దొరికితే అక్టోబర్‌లో రెండు సాళ్లు వేస్తా, పక్కనే మేం వేసే పుఖ్రాజ్ రకం. ఊరే టైంలో రెంటికీ పది రోజులు నీళ్లు ఆపుతా. తూకం ఇక్కడే పెడతా.